వాతావరణ రిసీవర్ యాంటెన్నా: మాస్ట్ కొసనా, అమరం కమ్మీ మీదా?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది గంజాం జిల్లా సోనాపూర్. బావమరిదీ నేనూ కలిసి విశాఖలో ఓ పాత సెయిల్‌బోటు కొన్నాం. ముప్పై అడుగులది, ఫైబర్ బాడీ, ఒకే మాస్ట్ (తెరచాప కొయ్య), చిన్న డీజిల్ ఇంజను, రెండు సోలార్ పలకలు. గోపాలపూర్ నుంచి బారువ దాకా తిప్పుదామని ఆశ. వాతావరణ హెచ్చరికలకి రిసీవర్లు రెండున్నాయి. ఒకటి అమెరికా నుంచి మా మేనల్లుడు తెచ్చాడు, దానిమీద ‘వెదర్’ అని ఏడు చానళ్లున్నాయి. రెండోది బోటుతో పాటే వచ్చిన, హెచ్చరికల్ని అక్షరాల్లో పట్టే నావ్‌టెక్స్, గుండ్రటి తెల్ల యాంటెన్నాతో సహా. బిగించడానికొచ్చిన కుర్రాడు ఎత్తుంటేనే సిగ్నలు, రెండూ మాస్ట్ కొసకే ఎక్కించాలంటున్నాడు. మా బావమరిది అమరం, అంటే పడవ వెనక కొస, మీదున్న కమ్మీ చాలంటాడు. ఎవరి మాట వినమంటారు? పైనున్న, పడవలతోనూ ఒడ్డుతోనూ మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా వైరుకే ఇవి కలిపేయొచ్చా?
– ఒక పాఠకుడు, సోనాపూర్

జవాబు: బావమరిది మాటే వినండి బాబూ. కుర్రాణ్ణి తప్పుపట్టక్కర్లేదు, వీహెచ్‌ఎఫ్ వరకూ అతను చెప్పింది నిజమే. నావ్‌టెక్స్ సంగతి వేరు.

ముందు మేనల్లుడి రిసీవరు తేల్చేద్దాం. ఆ ఏడు చానళ్లూ 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి. అమెరికా వాతావరణ శాఖ తమ తీరంలో రాత్రీ పగలూ వాటిమీద వాతావరణం చదివిస్తుంది. మన తీరంలో ఆ ప్రసారమే లేదు. మాస్ట్ కొసకి కాదు, మహేంద్రగిరి మీదకెక్కించినా గరగర తప్ప ఏమీ వినపడదు. దాచి ఉంచండి, మేనల్లుడు తిరిగి వెళ్లేటప్పుడు పట్టుకుపోతాడు.

మీకు పనికొచ్చేది నావ్‌టెక్స్. నేను ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసిన మనిషిని. మోర్స్ కొట్టే మా ఉద్యోగాలకి 1999 ఫిబ్రవరి 1న జీఎండీఎస్ఎస్ అనే కొత్త ఓడల రక్షణ సమాచార పద్ధతి పూర్తిగా అమల్లోకొచ్చి మంగళం పాడింది. ఆ కొత్త పద్ధతిలో భాగమే ఈ పెట్టె, అయినా దానిమీద నాకు కోపం లేదు. తుఫాను హెచ్చరికని అక్షరాల్లో చేతికిస్తుంది, మీరు నిద్రపోతున్నా పట్టి ఉంచుతుంది.

ఇది 518 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. అంటే తరంగం పొడవు దాదాపు 580 మీటర్లు. ఆ తరంగం సముద్రాన్ని అంటిపెట్టుకుని వస్తుంది, భూమి వంపుతో పాటు తనూ వంగుతుంది. ఉప్పునీటి మీద పెద్దగా అరగదు. అంత పొడుగు తరంగానికి మీ యాంటెన్నా రెండు మీటర్ల ఎత్తున ఉన్నా, పన్నెండు మీటర్ల ఎత్తున ఉన్నా ఒకటే. వీహెచ్‌ఎఫ్ తరంగం రెండు మీటర్లే. అది చూపు సాగినంత దూరమో, దానికి కాస్త ఎక్కువో పోతుంది కాబట్టి దానికి ఎత్తు ప్రాణం. కొస దానికే వదిలేయండి.

మరి నావ్‌టెక్స్‌ని చెడగొట్టేదేమిటి? మీ బోటులోని గోలే. సోలార్ కంట్రోలరు, ఎల్‌ఈడీ దీపాల్లో ఉండే చిన్న సర్క్యూట్లు, ఇన్వర్టరు, ఇంజను మీది ఆల్టర్నేటరు, చేపల్ని చూపించే ఫిష్ ఫైండరు, అన్నీ ఆ దరిదాపుల్లోనే కూతపెడతాయి. పైగా మీరున్న చోటు చూడండి. మనకి దగ్గర నావ్‌టెక్స్ స్టేషన్లు రెండు: కాకినాడ పక్కన వాకలపూడి, అటు బాలాసోర్. సోనాపూర్ నుంచి రెండూ దగ్గరదగ్గర 350 కిలోమీటర్లు, సరిగ్గా నడిమధ్యన ఉన్నారు. అందే దూరమే, కానీ వచ్చేది సన్నటి గొంతు. పక్కనే ఇన్వర్టరు పెట్టుకుని దాన్ని వినడమంటే పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోను మాట్లాడ్డమే.

గోల ఎక్కడ తక్కువో కనుక్కోడానికి పెద్ద పరికరాలక్కర్లేదు. మీడియం వేవ్ పట్టే పాత ట్రాన్సిస్టరొకటి తీసుకోండి. ముల్లుని కింది కొసకి, 530 దగ్గరికి తెచ్చి స్టేషన్ లేని చోట ఆపండి. 518కి పక్కిల్లే అది. ఇప్పుడు ఇంజను, దీపాలు, ఇన్వర్టరు అన్నీ వేసి, రేడియో చేత్తో పట్టుకుని అణియం (ముందు కొస) నుంచి అమరం దాకా నడవండి. సోలార్ కంట్రోలరు దగ్గరికి రాగానే సన్నగా ఈలలా మొదలవుతుంది. ఆల్టర్నేటరు ఇంజను వేగంతో పాటు హెచ్చే కీచు. నిలబడ్డ చోటే సెట్టుని మెల్లగా తిప్పండి, ఒక వాటంలో గోల పడిపోతుంది. లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ అనే నల్ల కడ్డీ మహిమ అది. అలా ఒక్కో స్విచ్చీ ఆపుతూ పోతే దొంగెవరో మీకే తెలుస్తుంది. సాధారణంగా అమరం కమ్మీకి ఒక మూల, సోలార్ పలకలకి ఎదురు పక్క, నిశ్శబ్దంగా ఉంటుంది.

అక్కడ వెంటనే బోల్టులు బిగించకండి, తాడుతో కట్టండి. పగలే పరీక్షించండి, రాత్రయితే పై గాలిపొరల్లోంచి దూరపు స్టేషన్లు కూడా తగులుకుంటాయి. ఒక్కో స్టేషనుకీ నాలుగు గంటలకోసారి పది నిమిషాల వంతు. వార్త మొదట్లో జెడ్‌సీజెడ్‌సీ అని పడి, తర్వాత ఒక అక్షరం వస్తే అది స్టేషను, రెండోది విషయం: ఏ అంటే నావికులకి హెచ్చరిక, బీ అంటే తుఫాను హెచ్చరిక, ఈ అంటే వాతావరణ సూచన. అందుకోలేని అక్షరం బదులు నక్షత్రంలాంటి చుక్క గుర్తు (*) పడుతుంది. ఒకే స్టేషను వార్తని రెండు మూడు చోట్ల పట్టి చుక్కలు లెక్కపెట్టండి. తక్కువ చుక్కలు పడ్డ చోటే మీ యాంటెన్నా చోటు.

గుండ్రటి రకంలో ఎక్కువగా లోపల ఫెర్రైట్ మీద చుట్టిన తీగే ఉంటుంది, దానికి ఎర్త్ అక్కర్లేదు. పొడుగు కడ్డీ రకమైతే ఎర్త్ కావాల్సిందే. ఏదైనా నిటారుగా నిలబెట్టండి, వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకీ మాస్ట్‌ని పట్టిన ఇనప తాళ్లకీ కనీసం మీటరు ఎడం ఇవ్వండి. అడుగున మర ఓడ సామాన్ల లెక్కలో ఉంటుంది, ప్లంబింగ్ షాపులో దొరికే అంగుళం పైపు దానికి పట్టదు. బలవంతంగా తిప్పితే నైలాన్ మర పోతుంది.

వీహెచ్‌ఎఫ్ వైరుకి కలపడం మాత్రం వద్దే వద్దు. ఈ యాంటెన్నాలోని ఆంప్లిఫయరుకి కరెంటు అదే వైరులోంచి పైకెళ్తుంది, వీహెచ్‌ఎఫ్ సెట్టు 25 వాట్లు అందులోకే తోస్తుంది. ఒక్కసారి మైకు నొక్కితే చాలు, మళ్లీ కొనుక్కోవాలి. వేరే వైరు వెయ్యండి, బ్యాటరీ వైర్ల కట్టలో కలపకండి. క్యాబిన్లోకి దూరే ముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పితే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. జాయింటుకి దానికదే అంటుకునే రబ్బరు టేపు చుట్టండి. మన ఉప్పుగాలికి మామూలు నల్లటేపు ఒక వర్షాకాలం ఆగదు.

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం మండలం డొంకూరు. ఫైబర్ తెప్ప, మాస్ట్ లేదు. చేతి వీహెచ్‌ఎఫ్ ఉంది, ఒడ్డుకి మాట అందట్లేదు. వెదురు కర్రకి యాంటెన్నా కడితే పనికొస్తుందా?

జవాబు: భేషుగ్గా. వెదురు కరెంటుని పట్టుకోదు కాబట్టి ఇంకా మంచిది. నీటికి మీటరు ఎత్తునుంటే రేడియో చూపు నాలుగు కిలోమీటర్ల చిల్లర, నాలుగు మీటర్లకి లేపితే ఎనిమిది. ఒడ్డునున్న యాంటెన్నా ఎత్తు దానికి అదనంగా కలుస్తుంది. వైరు మటుకు లావుది, పొట్టిది వాడండి, చేతి సెట్టు ఇచ్చే ఐదారు వాట్లు సన్న వైరే తినేస్తుంది. వల లాగేటప్పుడు కర్ర పడుకోబెట్టేలా అడుగున మడత బందు పెట్టించండి.