కష్టకాలంలో షిప్పింగ్ కంపెనీలు ఓడల్ని ఎలా అద్దెకు తీసుకుంటాయి?

మాంద్యమో యుద్ధమో వచ్చినప్పుడు ఓడల అద్దెలు ఎలా నడుస్తాయి, నష్టం ఎలా తగ్గించుకుంటారు అని అడిగారు. 2007లో విశాఖలోని ఒక చార్టరింగ్ (ఓడల్ని అద్దెకు మాట్లాడే) ఆఫీసులో చేరాను. అక్కడ నేర్చుకున్నది చెబుతాను.

వాయేజ్ చార్టర్ అంటే లారీకి లోడు మాట్లాడుకోవడమే. ఈ రేవు నుంచి ఆ రేవుకు టన్నుకు ఇంత. ఇంధనం, రేవు ఖర్చులు ఓడ యజమానివి. టైమ్ చార్టర్ అంటే డ్రైవర్‌తో సహా కారును నెలల లెక్కన తీసుకున్నట్టు. రోజుకు ఇంత అద్దె, ఇంధనం మనం పోయించుకోవాలి. సరుకు లేక ఓడ ఊరికే నిలబడ్డా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

మా కొంప ముంచింది ఈ రెండోదే. 2008 మేలో బాల్టిక్ డ్రై ఇండెక్స్ (బొగ్గు, ఖనిజం, ధాన్యం లాంటి సరుకు మోసే ఓడల అద్దెల సూచీ) 11,793కి చేరింది. ఇంకా పెరుగుతుందన్న భయంతో మావాళ్లు ఓ ఓడను ఏడాదికి తీసేసుకున్నారు. డిసెంబరుకి ఇండెక్స్ 663! పక్క ఆఫీసువాళ్లకు అలాంటి ఓడే కారుచౌకగా దొరుకుతుంటే మేం పాత రేటే కడుతున్నాం. చివరికి మా బాస్ ఆ ఓడ యజమానితో మాట్లాడి రేటు తగ్గించి గడువు పెంచే ఒప్పందం చేసుకున్నారు. ఆ యజమాని దయతో ఒప్పుకున్నాడనుకోకండి. మేం దివాలా తీస్తే, సరుకే లేని మార్కెట్లో ఆ ఓడ ఆయన నెత్తినే పడుతుంది.

అప్పటినుంచి ఏటా ఖాయంగా వచ్చే సరుకుకే పొడుగు అద్దె, మిగతాదంతా ట్రిప్పు లెక్కన. లేదా 'ఆరు నెలలు, మాకిష్టమైతే ఇంకో ఆరు' అని రాయించుకుంటాం. రేటు కాస్త ఎక్కువ పడుతుంది కానీ నిద్ర పడుతుంది.

వేగం సంగతి. 14 నాట్ల (గంటకు ఇన్ని సముద్ర మైళ్లు అని) నుంచి 12కి తగ్గిస్తే రోజువారీ ఇంధనం మూడో వంతుకు పైగా మిగులుతుంది. అద్దె చౌకగా, ఇంధనం ఖరీదుగా ఉన్నప్పుడే ఇది లాభం. అద్దె మండిపోతుంటే త్వరగా చేర్చడమే మేలు.

2023 చివర్లో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడులతో చాలా ఓడలు ఎర్రసముద్రం వదిలి గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగాయి. కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం తీసుకెళ్లేవి ఎప్పుడూ ఆ దారినే పోతాయి. వాటికి దెబ్బ వేరే చోట తగిలింది: అదే ఏడాది జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అప్పటికే లోడింగ్ మొదలైన ఓడలకు మినహాయింపు ఇచ్చింది.

కాకినాడ ఎంకరేజ్‌లో ఓడ సముద్రంలోనే లంగరేసి ఉంటుంది, బస్తాలు బార్జిల మీద వస్తాయి. చినుకు పడితే హ్యాచ్ (సరుకు గది పైమూత) మూసేస్తారు. ఎప్పుడు మూశారు, ఎప్పుడు తెరిచారు అన్నది ఏజెంటు నిమిషాలతో సహా 'స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్'లో రాస్తాడు. డెమరేజ్ (లోడింగ్ గడువు దాటితే ఓడ యజమానికి కట్టే పరిహారం) లెక్కంతా దాని మీదే. వాన ఆగింది 2.10కా, 3.35కా అని ఓడ చీఫ్ ఆఫీసరుతో మా కుర్రాడు గంటలు వాదించేవాడు. ఇదేం చాదస్తంరా అని నవ్వేవాణ్ణి.

ఆ జూలైలో మా ఓడ సగం నిండి ఉంది. నిషేధానికి ముందే లోడింగ్ మొదలైందని తేలాలి కదా, మొదటి బస్తా ఎప్పుడు ఎక్కిందో చూపించమన్నారు అధికారులు. కుర్రాడు ఆ కాగితం తీసి ఇచ్చాడు, కెప్టెన్ సంతకంతో సహా. మిగతా బార్జిలు కదిలాయి. పక్కనే లంగరేసిన ఇంకో ఓడకు ఒక్క బస్తా కూడా ఎక్కలేదు. అది ఖాళీగానే వెనుదిరిగింది.