చిన్నీ, కోఠి వెళ్లేముందు ఇది చదువు

చిన్నీ,

మెకానికల్‌లో సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో ఆడపిల్ల ఇంజినీరింగ్ మొహం చూడటం ఇదే మొదలు. వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పేశాను. కానీ, "శనివారం కోఠి వెళ్లి పుస్తకాలన్నీ కొత్తవి కొంటుందట" అని కూడా అంది. అక్కడే టెన్షన్ పట్టుకుంది నాకు.

ఆగు. క్లాసులు మొదలై రెండు వారాలు పోనీ. సార్లు ఏ పుస్తకం చూసి చెబుతున్నారో కనిపెట్టు. సిలబస్‌లో రిఫరెన్స్ అని రాసినవి లైబ్రరీలో చూసుకుంటే చాలు. సీనియర్లవి తీసుకుంటే ఏ రెగ్యులేషన్‌వో, అంటే ఏ ఏడాది తెచ్చిన సిలబస్‌వో అడుగు. జేఎన్‌టీయూలో 2018 నాటి ఆర్18కీ 2022 నాటి ఆర్22కీ సిలబస్ మారింది.

1987లో నేను చేసిన ఘనకార్యం నీకెవరూ చెప్పి ఉండరు. కాలేజీలో చేరిన మూడో రోజే లిస్టు పట్టుకుని షాపుకెళ్లాను. "సెకండ్ హ్యాండ్ చూపించనా బాబూ" అన్నాడతను. పక్కన ఇంగ్లీషు మీడియం క్లాస్‌మేట్ ఉన్నాడు. నామోషీ అనిపించి వద్దన్నాను. ఏడు పుస్తకాలు, నాలుగొందలు. మీ అమ్మ వెండి పట్టీలు తాకట్టు పెట్టి తాతయ్య తెచ్చిన డబ్బది. ఆయనే పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి అట్టలు వేశాడు. మొదటి పేజీలో నా పేరు ఇంగ్లీషులో రాశాడు, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి, వెనక పేజీలో తడిమితే తెలిసేంతగా.

ఏడింట్లో నేను తెరిచినవి రెండు. మిగతా సబ్జెక్టులు నోట్సుతోనే గట్టెక్కాయి. ఏడాది చివర ఆ ఐదూ కట్టగట్టి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌కి మోసుకెళ్లాను. "పేరుంటే ఎవడు కొంటాడు, చింపెయ్" అన్నాడు అక్కడి పాత పుస్తకాలవాడు. చింపాను. ఐదు పేజీలు. అరవై రూపాయలు చేతిలో పెట్టాడు. అప్పటికే పట్టీల గడువు దాటిపోయింది. మీ అమ్మ పెళ్లికి పెట్టుకున్నవి పక్కింటివాళ్లవి. ఈ సంగతి దాన్ని అడక్కు, నవ్వేసి ఊరుకుంటుంది. నాకది ఇంకా కష్టం.

అలాగని మరీ పిసినారిగా ఉండకే తల్లీ. మ్యాథ్స్ పుస్తకం కొనుక్కో, లెక్కలు చేసి చేసి అది నలగాలి. ముందుముందు స్టీమ్ టేబుల్స్, డిజైన్ డేటా బుక్ అని పట్టికల పుస్తకాలు పరీక్ష హాల్లోకి తీసుకెళ్లాలి. అవి సొంతవే ఉండాలి, ఆ రోజు ఎవరూ అప్పివ్వరు.

వచ్చే ఆదివారం బయల్దేరి వస్తాను, ఇద్దరం అబిడ్స్ వెళ్దాం. మ్యాథ్స్ పుస్తకం డబ్బులు నావి. అట్ట కూడా నేనే వేస్తాను. పేరు మాత్రం పెన్సిల్‌తో రాసుకో.

మీ మామయ్య