గబగబా చెప్పేస్తున్నాను, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. రామప్ప గుడి దగ్గర గైడ్‌గా చేద్దామని నేర్చుకుంటున్నాను. విషయమంతా వచ్చు కానీ, నలుగురి ముందు నిలబడితే టెన్షన్‌తో గబగబా చెప్పేస్తున్నాను. "ఏమన్నవమ్మా, మళ్లా చెప్పు" అంటున్నారు. అసలు ఎంత వేగంతో మాట్లాడాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చూసి చదవడం కాదు, ఇంట్లో ఇద్దరిని ఎదురుగా కూర్చోబెట్టి గుడి గురించి నిలబడి చెప్పండి, ఎందుకంటే ఒక్కరే ఉన్నప్పుడు మాట్లాడే వేగం వేరు. అందులో ఒక నిమిషం మాటల్ని కాగితం మీద రాయండి. ఇంగ్లిష్‌లో నిమిషానికి 120 నుంచి 150 పదాలని చెబుతుంటారు, ఆ లెక్క మనకు పనికిరాదు. తెలుగులో ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అంతే వేగంగా మాట్లాడినా పదాలు తక్కువే వస్తాయి. అక్షరాలు లెక్కపెట్టి, పక్కన తేదీ వేసి ఉంచుకోండి.

నన్నడిగితే అంకె కన్నా వాక్యం చివర ముఖ్యం. అవునో కాదో మనకు తేలేది అక్కడే, తొందరలో మింగేసేదీ అదే. "రామప్ప గుడిని గణపతిదేవుడు కట్టించలేదు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు" అనే వాక్యం తీసుకోండి. ఆ 'లేదు' వినపడకపోతే రాజే కట్టించాడనుకుని వెళ్లిపోతారు. అందుకే 'కట్టించలేదు' పూర్తిగా పలికి, ఊపిరి తీసుకుని, తర్వాతి ముక్క అందుకోండి. పేరు దగ్గర, సంవత్సరం దగ్గర కూడా కాస్త ఆగండి, మొదటిసారి వినేవాళ్లకు అవి చెవికెక్కాలి కదా. మాటల్ని మాత్రం సాగదీయొద్దు, అది వినడానికి ఇంకా కష్టం.

చూరు కింది నల్లరాతి మదనికల, అంటే ఆ స్త్రీ శిల్పాల దగ్గరైతే, చెయ్యెత్తి చూపించి మాట ఆపేయండి. వాళ్లు తల ఎత్తి, బొమ్మను వెతుక్కుని, మళ్లీ మీ వైపు చూశాకే మొదలుపెట్టండి. ఆ కాసేపూ మీకు చాలాసేపు అనిపిస్తుంది గానీ వాళ్లకు తెలియనే తెలియదు.

టెన్షన్ ఎక్కువగా ఉండేది మొదట్లోనే, కాబట్టి మొదటి రెండు వాక్యాలు కంఠతా పట్టండి. మళ్లీ చెప్పమంటున్నారని మీ యాస మార్చుకునే పని మాత్రం పెట్టుకోకండి, యాస వేరు, వేగం వేరు, ఓరుగల్లు మాటలో ఓరుగల్లు కథ వింటే అందమే వేరు.

రెండు వారాలయ్యాక రామప్పను చూడనివాళ్లను ఒకరిని కూర్చోబెట్టి ఇదంతా మళ్లీ చెప్పి రికార్డు చేయండి. అయిపోగానే, గుడి ఎవరు కట్టించారో ఎప్పుడు కట్టించారో వాళ్లనే అడగండి.