మల్లెకు కత్తెర, గులాబీకి ఓపిక

ప్రశ్న: నేలలో నాటిన గుండుమల్లెకు నాలుగేళ్లు. గుబురుగా ఎదిగింది కానీ వేసవిలో పూలు గుప్పెడే. ఫిబ్రవరి వచ్చేసింది, ఇప్పుడు కత్తిరించవచ్చా?
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కత్తిరించండి, ఈ నెల మాత్రం దాటనివ్వకండి. అసలు అదను సంక్రాంతి వెళ్లగానే. మల్లె కొత్త చిగురు కొసన మొగ్గ వేస్తుంది. అందుకే పాత కొమ్మలను అలాగే వదిలేస్తే ఆకు తప్ప పూవు దక్కదు.

ముందు పది రోజులు నీళ్లు ఆపండి. ఆకులు వడలి, కొన్ని పండి రాలతాయి. కంగారు పడి మళ్లీ నీళ్లు పోయకండి. తర్వాత నేల నుంచి మూరెడు, అంటే 45–50 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి కొమ్మలన్నీ కోసేయండి. కోత కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా పడాలి. ఎండుపుల్లలనూ, లోపలికి తిరిగిన రెమ్మలనూ మొదలంటా తీసేసి, మిగిలిన ఆకులు దూసేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ తర్వాతే, ఎరువు దగ్గర. చిగుళ్లు తొందరగా రావాలని దోసెడు యూరియా పోస్తారు. చెట్టు పచ్చగా ఊగుతుంది, మొగ్గ ఉండదు. మొదలుకు అడుగు దూరంలో చుట్టూ గాడి తీసి, బాగా చివికిన పశువుల ఎరువు 10 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 375 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 100 గ్రాములు, యూరియా 65 గ్రాములు వేసి మట్టి కప్పి నీళ్లు పెట్టండి. రసాయన ఎరువులు ఇంతే మళ్లీ జూన్‌–జులైలో. చెట్టుపై పూటంతా నీడ పడుతుంటే ఇవేవీ పనిచేయవు.

మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలుతుంటే పురుగు ఉన్నట్టే. వాటిని ఏరి పారేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

ప్రశ్న: మల్లెతో పాటే గులాబీలనూ కత్తిరించేయవచ్చా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. గులాబీకి గట్టి కత్తిరింపు అక్టోబరులో. ఇప్పుడు మోడు చేస్తే లేత చిగుళ్లు మార్చి ఎండకు మాడతాయి. వాడిన పూలను కింద కనిపించే మొదటి అయిదాకుల రెమ్మ దాకా కోస్తే చాలు. అంటు కట్టిన చోటుకు కింద పుట్టే పిలకలను ఎప్పుడు కనిపించినా పీకేయండి. అవి అంటు మొక్కవి కావు, వేళ్ల కోసం వాడిన అడుగు మొక్కవి.

ప్రశ్న: లాన్ కోయించిన మర్నాడే పసుపుపచ్చగా మారింది. నీళ్లు తక్కువయ్యాయా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: నీళ్లు కాదు, కోతే కారణం. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి తీయకూడదు. మూడంగుళాలు ఎదగనిచ్చి అంగుళానికి దించితే కింది పాలిపోయిన కాడలే మిగులుతాయి. నాలుగైదు రోజుల తేడాతో రెండు మూడు కోతల్లో దించండి. కొసలు గోధుమరంగులో చీలికలుగా ఉంటే బ్లేడు మొద్దుబారినట్టు, సాన పట్టించండి. కొత్త ఆకు వచ్చాక చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే బాగా తడపండి. ఆలస్యమైతే పడిన చోటల్లా మచ్చలు కాలతాయి.