కాలిన గేదెకు వెండి క్రీము, వెండి కట్టు: ఏది ఎక్కడ వాడాలి, ఎప్పుడు ఆపాలి?

ప్రశ్న: గడ్డివాముకు నిప్పంటుకుని పక్కనున్న పాక కూడా తగలబడింది. లోపల కట్టేసిన ముర్రా గేదెకు వీపు మీద, ఎడమ డొక్క మీద, వెనుక ఎడమ కాలి కింది భాగంలో, ఒక చన్ను పక్కన కాలింది. నాలుగు రోజులైంది. మేత తింటోంది, నీళ్లు తాగుతోంది. రోజూ బెటాడిన్‌తో కడిగి సిల్వర్ సల్ఫాడయజిన్ తెల్ల క్రీము రాస్తున్నాం. రాసిన చోట బూడిద రంగు పొర కడుతోంది. కుళ్లుతోందేమోనని భయంగా ఉంది. మనుషులకు వేసే వెండి కట్టు తెచ్చి వేస్తే త్వరగా మానుతుందా? పాలు కేంద్రానికి పోయవచ్చా?
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ఆ బూడిద రంగు పొర చాలావరకు కుళ్లు కాదు. పాత క్రీము, పుండు నుంచి ఊరే రసి కలిసి అలా గట్టిపడతాయి. వెండి వెలుతురు తగిలితే నల్లబడుతుంది కూడా. అయితే ఆ పొరను తీయకుండా దాని మీదే కొత్త క్రీము రాస్తే మందు పుండును తాకదు, కింద చీము పడుతుంది. కుళ్లును రంగుతో కాక వాసనతో, చీముతో, పుండు చుట్టూ వచ్చే వాపుతో, వేడితో గుర్తుపట్టండి. జ్వరం 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, గేదె మేత మానేసినా ఆ పూటే డాక్టరుకు చూపించాలి.

ముందుగా బెటాడిన్ ఆపండి. అందులోని అయోడిన్ వెండితో కలిసి సిల్వర్ అయోడైడ్‌గా మారుతుంది. అది నీటిలో దాదాపు కరగదు కాబట్టి రెండు మందులూ ఒకదాన్నొకటి పనికిరాకుండా చేసుకుంటాయి. డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, అవి లేత కండను కాలుస్తాయి. పుండు కడగడానికి శుభ్రమైన గోరువెచ్చని నీళ్లు చాలు. పైపుతో అయితే ధార మెల్లగా ఉండాలి. పాత క్రీము నానిపోయాక తడి గాజుగుడ్డతో ఒత్తి తీయండి, రుద్దొద్దు. నానినా రాని గట్టి తోలు లాంటి చెక్కు ఉంటే దాన్ని లాగకండి. అంచుల నుంచి దానంతట అదే విడుతుంది, విడిన మేర డాక్టరు కత్తిరిస్తారు.

కాలిన లోతు మొదటి రోజు తెలియదు, ఇప్పుడు చూడవచ్చు. డాక్టరు సూదితో మెల్లగా గుచ్చి చూస్తారు. గేదె ఉలిక్కిపడి చర్మం ముడిచిందంటే పై పొరలే కాలినట్టు, అది సాధారణంగా మూడు వారాల లోపు మానుతుంది. గుచ్చినా తెలియకుండా, వెంట్రుక పట్టుకుంటే తేలిగ్గా ఊడివస్తూ, చర్మం అట్టలా బిగుసుకుపోయిందంటే లోతుగా కాలింది. అక్కడ నెలల తరబడి ఓపిక పట్టాలి.

వెండి చేసే పనేమిటో తెలిస్తే దాన్ని ఎక్కడ వాడాలో మీకే అర్థమవుతుంది. తడి తగిలినప్పుడు వెండి నుంచి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న వెండి కణాలు, విడుదలవుతాయి. అవి సూక్ష్మజీవుల పైపొరను, లోపలి ఎంజైములను పట్టుకుని వాటిని చంపుతాయి. అంతేగానీ వెండి కొత్త చర్మాన్ని పుట్టించదు. పైగా కొత్తగా పాకే లేత చర్మ కణాలకు కూడా అది కొంత ఇబ్బందే. అందుకే చెక్కు పోయి, పుండు అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా కండ నిండి, అంచుల్లో గులాబీ రంగు చర్మం లోపలికి పాకుతూ కనిపించి, చీము లేదనుకుంటే వెండి పని అయిపోయినట్టే. ఆ తర్వాత కూడా తెల్ల క్రీమే రాస్తూ పోతే మానడం ఆలస్యమవుతుంది. అక్కడి నుంచి పారఫిన్ గాజుగుడ్డ వంటి అంటుకోని మామూలు కట్టుకు మారాలి. మిఠాయిల మీద వేసే వెండి రేకును పుండుకు అంటించడం మాత్రం వద్దు. అది శుద్ధి చేసింది కాదు, పుండుకు కావలసినంత అయాన్లనూ వదలదు.

వీపుకు, డొక్కకు క్రీమే సరైనది. గేదె చర్మం విదిలిస్తుంది, గోడకు రుద్దుకుంటుంది. అక్కడ ఎంత ఖరీదైన కట్టయినా పూట నిలవదు. సిల్వర్ సల్ఫాడయజిన్ 1 శాతం క్రీమును పుండు మీద రూపాయి బిళ్ల మందాన, కింది కండ కనిపించకుండా, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రాయాలి. చాలామంది ఇక్కడే లోటు చేస్తారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు పుండుకు ఆ మందాన రాస్తే ఒక్క పూతకే దాదాపు 140 గ్రాములు పడుతుంది. చిన్న ట్యూబులు కొంటే ఏ మూలకూ చాలక పల్చగా పులిమేస్తారు. పెద్ద డబ్బా కొనండి, మందును చేత్తో తీయకుండా మరిగించి ఆరబెట్టిన చెంచాతో తీయండి, చేతికి కొత్త గ్లవ్స్ వేసుకోండి. డబ్బాలోని క్రీము నల్లబడితే పారేయండి. పుండు చుట్టూ రెండంగుళాల మేర వెంట్రుకలు కత్తిరిస్తే మురికి, ఈగ గుడ్లు అంటుకోవు.

మీరడిగిన వెండి కట్టు పనికొచ్చేది కాలికే. అందులోనూ రకాలున్నాయి, ముందు ప్యాకెట్ చదవండి. నానోక్రిస్టలిన్ వెండి, అంటే అతి సూక్ష్మమైన వెండి స్ఫటికాలు, పూసిన పలుచని రేకును తడిపి వేయాలి. ఫోమ్ (స్పాంజి లాంటిది), ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసిన పీచుతో చేసేది) రకాలు రసిని పీల్చుకుంటూ పనిచేస్తాయి, రసి బాగా కారే పుండుకు వాటిని పొడిగానే వేయాలి. తడిపే రకమైతే సెలైన్ వాడకండి. అందులోని ఉప్పు వెండిని సిల్వర్ క్లోరైడ్‌గా పేరబెట్టేస్తుంది. మీ జిల్లాలో చాలా బోర్లలో ఉప్పు నీళ్లే కాబట్టి మరొక మాట: నీటిని ఎంత కాచినా ఉప్పు పోదు. మందుల షాపులో దొరికే స్టెరైల్ వాటర్ మేలు. అది లేకపోతే ప్లాంటు నుంచి తెచ్చిన మంచినీళ్లు కాచి చల్లార్చి వాడండి. కట్టు కింద వాజలిన్, వేపనూనె, ఆయింట్‌మెంటు ఏదీ పూయకండి, జిడ్డు అడ్డుపడితే వెండి పుండును చేరదు.

కట్టే పద్ధతి: రేకును పుండు కంటే ఒక సెంటీమీటరు పెద్దగా కత్తిరించి, తడిపి, ప్యాకెట్ మీద చూపిన వైపు పుండుకు ఆనించండి. దాని మీద తడి గాజుగుడ్డ, ఆపైన మందంగా దూది, ఆపైన క్రేప్ బ్యాండేజీ. చుట్టడం గిట్ట దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. మధ్యలో మాత్రమే చుడితే కింది భాగం వాచిపోతుంది. బ్యాండేజీ కింద మీ వేలు దూరాలి. రేకు రకాన్ని బట్టి 3 రోజులకో, 7 రోజులకో మార్చాలి, ఈలోగా ఎండిపోకుండా రోజూ చూడాలి. పేడ, మూత్రం లోపలికి దిగితే గడువు చూడకుండా వెంటనే విప్పేయండి. విప్పినప్పుడు చర్మం నల్లగానో బూడిద రంగుగానో కనిపిస్తే కంగారు పడొద్దు, అది వెండి మరక. ఎండి అంటుకుపోయిన కట్టును మాత్రం నానబెట్టకుండా లాగితే వారం రోజులుగా పుట్టిన చర్మం కూడా ఊడివస్తుంది.

అదే కాలికి గిట్ట మొదట్లో, వెంట్రుకలు గిట్టను కలిసే అంచును రెండు వారాల పాటు రోజూ గమనించండి. అక్కడ ఎర్రగా గీతలా విడి రసి కారుతుంటే గిట్ట ఊడే ప్రమాదం ఉంది. పుండు మానుతున్నా గేదె కుంటిదైపోవచ్చు, ఆ గుర్తును చూసీ చూడనట్టు వదలొద్దు.

చన్ను పక్క పుండుకు పాలు పిండిన తర్వాతే క్రీము రాయండి. మళ్లీ పిండే ముందు గోరువెచ్చని నీటితో పూర్తిగా కడిగి తుడవండి. నొప్పికి తన్నుతుందని పిండడం మానేస్తే పొదుగువాపు వస్తుంది. రంధ్రం మీద చెక్కు కట్టి పాలు దిగకపోతే పుల్లలు, ఈకలు దూర్చకండి, డాక్టరు శుభ్రమైన చన్ను గొట్టం పెడతారు.

పాలు కేంద్రానికి పోయవద్దు, ఇంట్లోనూ వాడవద్దు. పచ్చి పుండు నుంచి ఈ క్రీములోని సల్ఫా మందు రక్తంలోకి, అక్కడి నుంచి పాలలోకి చేరుతుంది. చన్ను మీద రాసింది నేరుగా కలుస్తుంది. ఇంజెక్షన్లు వేస్తే వాటి గడువు వేరు. ఆఖరి పూత, ఆఖరి ఇంజెక్షన్ తేదీలు రాసుకుని, ఇంకెన్ని రోజులు ఆపాలో డాక్టరుతో రాయించుకోండి.

నొప్పికి మెలాక్సికామ్ మంచి మందు, మోతాదు బరువును బట్టి డాక్టరే వేయాలి. డైక్లోఫెనాక్ వేస్తామంటే ఒప్పుకోకండి. రాబందుల చావులకు కారణమైనందున 2006లోనే దాన్ని పశువులకు నిషేధించారు.

పుండు మానేదాకా చెరువులోకి దింపవద్దు. కానీ గేదె వేడికి ఆగదు కాబట్టి నీడలో కట్టి, కాలని చోట్ల, తల మీద, నీళ్లు చల్లండి. డొక్క మీది క్రీము నాకకుండా మెడకు కర్రల పట్టీ కట్టండి. కాకులు వీపు మీద వాలి పుండును పొడుస్తాయి, పగలు దోమతెర అవసరం. ఈగల మందు పుండు చుట్టూనే రాయాలి, పుండులో కాదు. పురుగులు పడితే కిరోసిన్, ఫినాయిల్, గమాక్సిన్ పొడి వేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. కాలిన కండ మీద అవి రెండో కాల్పుతో సమానం. పురుగులను పట్టకారుతో ఏరి, డాక్టరు ఇచ్చే స్ప్రే వాడండి.

కొత్త చర్మానికి మాంసకృత్తులు కావాలి కాబట్టి దాణా తగ్గించకండి, పచ్చి పప్పుజాతి మేత పెంచండి. పొగ పీల్చిన గేదె కనుక దగ్గు, ఎగశ్వాస, ముక్కు నుంచి నల్లటి చీమిడి కనిపిస్తే న్యుమోనియా అనుకుని వెంటనే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి.