కారు గడపకు దీపాలు: వైరు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: నమస్కారమండీ. తలుపు తీయగానే వెలిగే డోర్ సిల్ ప్లేట్లు, అంటే కారు గడప మీద అతికించే దీపాల పట్టీలు, నాలుగు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కోదానికి ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు ఉన్నాయి. ఎలా బిగించాలో చెప్పే కాగితం పెట్టెలో లేదు. మా ఊళ్ళో అడిగితే డోర్ స్విచ్ వైరు కోసి దానికి కలిపేస్తామన్నారు. కారు 2021లో కొన్నది. నాన్నగారు దాన్ని ప్రాణంగా చూసుకుంటారు, కంపెనీ వైరు కోయడానికి వీల్లేదంటున్నారు. నాకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటరు ఉంది. నేనే బిగించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: నిక్షేపంగా బిగించుకోవచ్చు. నాన్నగారి మాటా నిలబెట్టవచ్చు, ఎందుకంటే ఈ పనికి కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయనక్కర్లేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల కరెంటు పని చేసేవాణ్ణి. ప్లేటు వంకరగా అతికిందని నా దగ్గరకు వచ్చినవాళ్ళు తక్కువ. ఎక్కడ పడితే అక్కడ వైరు కలిపి, ఫ్యూజు లేకుండా వదిలేసిన బండ్లే ఎక్కువ. అందుకే వైరు సంగతే ముందు చెబుతాను.

డోర్ స్విచ్‌కి కలపడం పాత పద్ధతి. మారుతి 800 వంటి కార్లలో తలుపు స్తంభం మీద రబ్బరు టోపీతో నొక్కుడు స్విచ్ ఉండేది. తలుపు తీస్తే అది బాడీ ఎర్త్‌కు తగిలి రూఫ్ లైటు వెలిగేది. దీపం కరెంటంతా ఆ స్విచ్ గుండానే పోయేది కాబట్టి ఇంకో చిన్న దీపం తగిలించినా ఇబ్బంది ఉండేది కాదు. మీ కారు వయసు బండ్లలో ఎక్కువ వాటికి ఆ స్విచ్ దీపాన్ని వెలిగించదు. తలుపు తెరుచుకుందన్న కబురును బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటర్‌కు అందిస్తుంది, అంతే. ఆ వైరులో పారేది మిల్లీ ఆంపియర్లలోనే. దానికి ఎల్‌ఈడీ తగిలిస్తే తలుపు మూసి ఉన్నప్పుడు కూడా ఆ ఎల్‌ఈడీ గుండా కొంత కరెంటు జారుతుంది, కంప్యూటర్ లెక్క తప్పవచ్చు. తలుపు మూసినా డాష్‌బోర్డు మీద తెరిచి ఉన్న గుర్తు పోకపోవడం, సెంట్రల్ లాక్ పడకపోవడం ఇలాగే మొదలవుతాయి. ఆ వైరును ముట్టుకోకండి.

మీకు కావలసిన కరెంటు రూఫ్ లైటులో సిద్ధంగా ఉంది. దాని స్విచ్‌ను ‘డోర్’ అన్న చోట ఉంచి, పైన ఉన్న తెల్ల మూత తీయండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి బల్బు రెండు కొనల మధ్య చూడండి. తలుపు తీసి ఉంటే 12 దగ్గర, తలుపు మూసి దీపం ఆరాక సున్నా చూపిస్తే ఆ రెండు కొనలే మీ సిల్ ప్లేట్లకు ఆధారం. స్విచ్ ప్లస్ వైపు ఉందా, మైనస్ వైపు ఉందా అని తల పగలగొట్టుకోనక్కర్లేదు, ఎటువైపు ఉన్నా ఈ కొలత చెల్లుతుంది. ప్లస్ ఏదో, మైనస్ ఏదో మాత్రం గుర్తు పెట్టుకోండి. ఎల్‌ఈడీని తిరగేసి కలిపితే వెలగదు.

ఇక కోయకుండా కలపడం. రూఫ్ లైటు బల్బుకు బదులు వేసుకునే ఎల్‌ఈడీ ప్యానెల్ ఆటో విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. దానితో పాటు బల్బు ఆకారంలో, రెండు వైర్ల తోకతో ఒక అడాప్టర్ ఇస్తారు. బల్బు తీసి ఆ అడాప్టర్‌ను దాని చోట నొక్కండి. దాని తోకకు ప్యానెల్‌నూ, సిల్ ప్లేట్లకు దిగే వైరునూ పక్కపక్కగా, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్, కలిపి సోల్డర్ చేయండి. రేపు వద్దనుకుంటే అడాప్టర్ ఊడదీసి పాత బల్బు పెట్టుకోవచ్చు, కారు కొన్ననాటిలా ఉంటుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. 10 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 0.8 ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగు సిల్ ప్లేట్లు, ఒక్కోటి 50 మిల్లీ ఆంపియర్లనుకున్నా, కలిపి 0.2 ఆంపియర్లే. చిన్న ప్యానెల్‌ను కలుపుకున్నా పాత బల్బు కన్నా బరువు తగ్గుతుందే కానీ పెరగదు. అయినా మీ ప్లేట్లు ఎంత లాగుతున్నాయో అతికించకముందే మీటరుతో కొలిచి చూసుకోండి. నలభై ఐదు చూపిస్తుందో, నూట ఇరవై చూపిస్తుందో పెట్టె మీద ఉండదు.

ప్లస్ వైరు మీద, అడాప్టర్‌కు జానెడు లోపే, 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. కారుకు ఫ్యూజులున్నాయి కదా అనకండి. రూఫ్ లైటు ఫ్యూజు సాధారణంగా 10 ఆంపియర్లో, 15 ఆంపియర్లో ఉంటుంది. మీ సన్నటి వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆ పెద్ద ఫ్యూజు పోయేలోగా వైరే వేడెక్కి కార్పెట్ కింద పొగ రావచ్చు. ఇన్‌లైన్ ఫ్యూజు హోల్డర్ వెల ఒక పూట టిఫిను ఖర్చంత ఉండదు. దాన్ని మానేసిన పనిని నేను పని అనను.

కొలతలయ్యాక ఇగ్నిషన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, ఒక కిటికీ అద్దం దించి, అప్పుడు బ్యాటరీ మైనస్ తీయండి. తీశాక కనీసం మూడు నిమిషాలు ఆగండి. మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి. కారణం ఎయిర్‌బ్యాగ్. మన దేశంలో 2019 జూలై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, మీ కారులో తప్పకుండా ఉంటుంది. బ్యాటరీ తీసినా కొద్దిసేపు దాన్ని పేల్చగల కరెంటు ఆ యూనిట్‌లోని కెపాసిటర్‌లో నిలిచి ఉంటుంది. గడప మీది ప్లాస్టిక్ పట్టీ తీస్తే కింద వైర్ల కట్ట కనిపిస్తుంది. వెనక లైట్లకు, పెట్రోలు పంపుకు పోయేవి చాలా కార్లలో అటే వెళ్తాయి. పసుపు తొడుగు, పసుపు కప్లర్ ఉన్నవాటిని ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు వైర్లుగా భావించి దూరంగా ఉండండి. టెస్ట్ లాంపు కాదు కదా, మల్టీమీటరు కూడా వాటికి పెట్టకూడదు. మధ్య స్తంభం అడుగున బెల్టు చుట్ట దగ్గర, ప్రమాదంలో బెల్టును క్షణంలో బిగించే ప్రిటెన్షనర్ ఉండవచ్చు. అందులో చిన్న మందు ఛార్జ్ ఉంటుంది. మీరు కూర్చుని పని చేసే చోటికి అది జానెడు దూరం.

రూఫ్ నుంచి కిందికి వైరు దించడానికి ముందు స్తంభమే దగ్గరి దారి. ఆ స్తంభం తొడుగు మీద ‘ఎయిర్‌బ్యాగ్’ అని అచ్చు ఉంటే మాత్రం తెరవకండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దారిలో ఒక్క వైరు అడ్డం పడినా అది సరిగా తెరుచుకోకపోవచ్చు. అలాంటి కారైతే ఈ పని మానుకుని, కింద రెండో జవాబులో చెప్పిన అయస్కాంతం రకం తీసుకోండి. అచ్చు లేకపోతే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగును చేత్తో లాగి, దాని అంచు వెంబడే 0.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు దించి, డ్రైవరు పాదం పక్కనున్న తొడుగు దగ్గరకు చేర్చండి. అక్కడ నాలుగు పాయలు చేసి, అప్పటికే ఉన్న వైర్ల కట్ట వెంబడే నడిపించి, జానెడుకో కట్టు వేయండి. స్క్రూ డ్రైవరుతో పట్టీలు పెకలించవద్దు, ప్లాస్టిక్ చెక్కతోనే లేపండి. ఒకటి రెండు క్లిప్పులు విరగడం మామూలే, ముందే నాలుగు కొని ఉంచుకోండి.

అతుకులన్నిటికీ హీట్ ష్రింక్ గొట్టం వేసి, పైన గుడ్డ టేపు చుట్టండి. నల్ల పీవీసీ టేపు వద్దు. రోహిణీ కార్తె ఎండలో నిలబెట్టిన కారులో దాని జిగురు కరిగి, టేపు ఊడి, అతుకు బయటపడుతుంది. ఆటోనగర్‌లో ప్రతి మే నెలలో నేను విప్పే అతుకుల్లో ఎక్కువ భాగం ఇవే.

ప్లేటు అతికించడం చివరి పని. అతికించే ముందు ప్లేటును ఊరికే పెట్టి తలుపు మెల్లగా మూయండి, బీడింగుకు తగలకూడదు. గడపను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. మైనం పాలిష్ పట్టించిన కారైతే రెండుసార్లు తుడవండి. మంచి యాక్రిలిక్ ఫోమ్ టేపు గది వేడిమిలో 20 నిమిషాలకు సగం బలం, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి బలం పట్టుకుంటుంది. కాబట్టి మూడు రోజులు దాని మీద కాలు పెట్టనివ్వకండి. ప్లేటుకు స్క్రూ కంతలున్నా స్క్రూలు వేయవద్దు. ఆ గడప కారు ఎముక, లోపల బోలుగా ఉండే ఉక్కు పెట్టె. కంత పెడితే గోదావరి జిల్లాల గాలి తేమకు తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఎప్పుడూ కరెంటు ఉండే ప్లస్‌కు కలపకుండా రూఫ్ లైటు నుంచే ఎందుకు తీసుకోమన్నానో లెక్క చెబుతాను. 0.2 ఆంపియర్ల దీపాలు రాత్రింబవళ్ళు వెలిగితే రోజుకు 4.8 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్లకు 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మామూలు. నాలుగు రోజులు కారు కదలకుండా ఉండిపోతే అందులో సగానికి పైగా ఖాళీ. అదే రూఫ్ లైటు నుంచి తీసుకుంటే, తలుపు సరిగా పడకపోయినా చాలా కార్లలో కాసేపటికి ఆ లైటును కంప్యూటరే ఆపేస్తుంది, మీ ప్లేట్లూ దానితోనే ఆరిపోతాయి. నాలుగు తలుపుల్లో ఏది తీసినా నాలుగు ప్లేట్లూ వెలుగుతాయి. అది మీకు లోపంగా అనిపిస్తే నాకు మాత్రం బాగుంటుంది, చీకట్లో ఎక్కేవాళ్ళందరికీ ఒకేసారి గడప కనిపిస్తుంది.

ప్రశ్న: అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి. ఊళ్ళో ఇంటి ముందు వీధి దీపం లేదు, రాత్రి కారు దిగేటప్పుడు కాలు తడబడుతోంది. బ్యాటరీతో నడిచే, వైరు లేని సిల్ లైట్లు పెడితే ఉపయోగమేనా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: సగం ఉపయోగం, అమ్మా. సిల్ లైటు తన అంచును చూపిస్తుంది, నేలను చూపించదు. పెద్దవాళ్ళ కాలు దిగేటప్పుడు గడపకు తట్టుకునే బాధ మాత్రం తగ్గుతుంది. నేల కనిపించాలంటే తలుపు అడుగున, కిందికి చూసేలా చిన్న దీపం ఉండాలి. వైరు లేని రకంలో రెండూ దొరుకుతాయి. తలుపుకు ఎదురుగా అతికించే అయస్కాంతం దూరమైతే లోపలి రీడ్ స్విచ్ కలిసి దీపం వెలుగుతుంది, దగ్గరైతే ఆరుతుంది. అయస్కాంతానికీ దీపానికీ మధ్య దూరం కాగితంలో చెప్పినంతే ఉండాలి, లేకపోతే తలుపు మూసినా వెలుగుతూ రెండు రోజుల్లో బ్యాటరీ అయిపోతుంది. రాత్రి తలుపు మూసి, లోపల కూర్చుని చూడండి. అత్తయ్యగారు కూర్చునే వైపు ముందు పెట్టి, ఆమెను ఒకసారి దిగి చూడమనండి. తెల్ల దీపమే తీసుకోండి. నీలం వెలుగులో మెట్టు లోతు కళ్ళకు సరిగా అందదు.

ప్రశ్న: సిల్ ప్లేట్లు బిగించాక తలుపులన్నీ మూసినా రాత్రి సన్నగా మిణుకుమంటున్నాయి. బ్యాటరీ దిగుతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రూఫ్ లైటు వైరులో కంప్యూటర్ వదిలే కొద్దిపాటి కరెంటు అది. పాత బల్బు దాన్ని మింగేసేది, ఎల్‌ఈడీకి అంతే చాలు వెలగడానికి. ప్లేట్ల ప్లస్, మైనస్ మధ్య 1 కిలో ఓమ్, అర వాటు రెసిస్టరు ఒకటి కలపండి, ఆ మిణుకు సాధారణంగా పోతుంది. పోకపోతే, అనుమానం తీరడానికి, తలుపులన్నీ మూసి అరగంట ఆగాక ప్లేట్లకు పోయే ప్లస్ వైరులో మీటరు పెట్టి చూడండి. ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే బ్యాటరీకి భయం లేదు. అంతకు మించి ఉంటే వైరు ఎక్కడో తప్పు చోట కలిసింది. ప్లేట్ల ఫ్యూజు తీసేసి, కలిపిన చోటు మళ్ళీ విప్పి చూడండి.