జల్లించిన మట్టా, వడకట్టిన మట్టా?

సందేహం: శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌ని. రేడియోధార్మికత కొలిచే ల్యాబులు తమ యంత్రాలను సరిచూసుకోవడానికి వాడే ప్రామాణిక మట్టిని ఎలా తయారుచేస్తారో పిల్లలకు తెలుగులో నోట్సు రాశాను. 'మట్టిని ఎండబెట్టి, వడకట్టి, సజాతీయం చేసి, నెల రోజులు నిల్వ చేస్తారు' అన్న వాక్యం చూసి మా తెలుగు మాస్టారు 'ఇది తెలుగేనా?' అంటున్నారు. తప్పెక్కడుందండీ?

సమాధానం: 'ఎండబెట్టి'తో పేచీ లేదు. ఓవెన్‌లో పెట్టినా మట్టి ఎండుతుంది. తప్పు 'వడకట్టి' దగ్గర ఉంది. చోడిపిండిని జల్లిస్తాం, టీని వడకడతాం. మీ వాక్యం చదివినవాళ్లు మట్టిని నీళ్లలో కలిపారనుకుంటారు. పొడి మట్టిని జల్లిస్తారు. 'జల్లెడ పట్టి' అన్నా ఒప్పే (పేపర్లలో పోలీసులు రోజూ ఊళ్లను జల్లెడ పడుతుండడంతో ఆ మాట అసలు పని మరుగున పడింది గానీ). అదే మట్టిని యాసిడ్‌లో మరిగించి, స్ట్రాన్షియం లాంటి రేడియోధార్మిక మూలకాలను ద్రావణంలోకి దించి, ఫిల్టర్ పేపరు మీద పోస్తే మాత్రం అది నిక్షేపంగా వడకట్టడమే.

'సజాతీయం' పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే. కానీ అందులో చేసే పని కనిపించదు. పోనీ 'కలిపి' అందామా అంటే అది చాలదు. మన తీరాన్నే చూడండి. భీమిలి, కళింగపట్నం, భావనపాడు నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, దానిలో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంది. మోనజైట్ రేణువు అంతే పరిమాణమున్న మామూలు ఇసుక రేణువుకు దాదాపు రెట్టింపు బరువు. సీసా కుదుపులకు అలాంటి బరువు రేణువులు ఒకచోట చేరతాయి. పై చెంచాడు మట్టిలో ఒక అంకె, అడుగు చెంచాడులో ఇంకో అంకె వస్తే దాన్ని నమ్మి ఏ ల్యాబు తన యంత్రాన్ని సరిచూసుకుంటుంది? అందుకే మట్టిని బాగా మెత్తగా పొడిచేసి కలుపుతారు, సీసాల్లో నింపాక కొన్నిటిని తీసి విడివిడిగా కొలిచి చూస్తారు. 'ఏ సీసాలో చూసినా ఒకేలా ఉండేటట్టు కలగలిపి' అని రాయండి. పొడుగైతే అయింది. 'కలియబెట్టి' మాత్రం వద్దు, అది గరిటె పని.

ఇక 'నిల్వ'. తర్వాత వాడుకోవడానికి దాచుకుంటే నిల్వ అంటాం. ఇక్కడ ఆ నెల రోజులూ దేనికోసమో ఆగుతున్నారు. మట్టిలోని రేడియం నుంచి రేడాన్ వాయువు పుడుతుంది, దాని అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం) 3.8 రోజులు. గాలి చొరకుండా మూత బిగిస్తే సుమారు 4 వారాలకు పుట్టే రేడానూ తరిగే రేడానూ సమానమవుతాయి. ఆ తర్వాత, రేడాన్ తరిగి మారిన పదార్థాల నుంచి వచ్చే గామా కిరణాలను కొలిస్తేనే రేడియం లెక్క సరిగ్గా తేలుతుంది. కాబట్టి 'మూత బిగించి నెల రోజులు ఉంచుతారు' అంటే సరిపోతుంది. రేడియోధార్మిక సీజియం ఒక్కటే కొలవాలంటే ఇంతకాలం ఆగక్కర్లేదు. ఆ ముక్క కూడా నోట్సులో చేర్చండి.